మేళం ఆగిన చోట

కిరీటం తలమీద పెట్టి పాట మొదలుపెట్టిన కాసేపటికి లలితాంబ టీచరు కళ్ళు తిప్పి, ఎదురుగా కూర్చున్న కూతుర్ని చూసి, "కాఫీలో పంచదార తక్కువెయ్యి" అంది.

మూడేళ్ళుగా పలకని మనిషి. కళ్ళు తెరిచే ఉండేవి గాని ఆ కళ్ళలో ఎవరూ ఉండేవారు కాదు. కూతురు కాఫీ తేవడానికి లేవలేదు, చెయ్యి వదిలితే అమ్మ మళ్ళీ ఎక్కడికి పోతుందోనని. ఇద్దరూ మాట్లాడుకున్నారు. పక్కింటివాళ్ళు కొట్టేసిన జామచెట్టు గురించి, తోటికోడలి నోటిదురుసు గురించి. ఆ గదిలో వినపడుతున్నది టీచరు కాలేజీ రోజుల పాట, స్నేహితురాళ్ళతో విహారానికి వెళ్ళి ఇసుకలో గంతులేసినప్పటి పాట. పది నిమిషాలకు అటూ ఇటూగా ఆవిడ మాట మధ్యలో ఆగిపోయింది. ఒడ్డుకొచ్చిన నీళ్ళు వెనక్కి పోయినట్టు, మెల్లగా, ముఖంలోంచి మనిషి వెళ్ళిపోయింది.

మర్నాడు అదే పాట పెడితే, మెదడులో కదలికని చూపించే తెరమీది గీత కదల్లేదు. కూతురు స్వయంగా పాడింది. చప్పట్లు కొట్టి పాడింది, చివరకు ఏడుస్తూ పాడింది. గీత గీతలాగే ఉంది.

ఇలా అవుతుందని పరిశోధకురాలు వకుళ ముందే చెప్పింది. కూతురు ఒప్పుకునే సంతకం పెట్టింది. అయినా చెప్పడం వేరు, పక్కన నిలబడి చూడడం వేరు.

హుషారైన పాట చెవిన పడితే ఒళ్ళు తేలికవుతుంది. బస్సులో కిటికీ పక్కన దిగులుగా కూర్చున్నవాడు తనకే తెలియకుండా ఎదుటి సీటు మీద వేళ్ళతో తాళం వేస్తాడు. ఆ క్షణంలో అతని మెదడులో ఒక అల లేస్తుంది. మనిషిని బట్టి, పాటను బట్టి దాని ఆకారం మారుతుంది. వకుళ తయారుచేసిన కిరీటం ఆ అలను పట్టుకుని, వందల రెట్లు పెంచి, తిరిగి ఆ మెదడుకే అందిస్తుంది. లోపల గడియ పడిపోయిన మనసు ఆ ఊపులో గడియ తీసుకుని కాసేపు గుమ్మంలోకి వస్తుంది. కానీ ఏ పాట పట్టుకుని వచ్చిందో ఆ పాట కాలిపోతుంది. ఆ తర్వాత కూడా వినపడుతుంది, మాటలు గుర్తుంటాయి, ఎప్పుడు విన్నదో ఎవరితో విన్నదో అన్నీ గుర్తుంటాయి. లేపడం మాత్రం చేతకాదు.

ఇది వకుళకు లెక్కలవల్ల తెలిసిన సంగతి కాదు. మొదటి ప్రయోగం తన మీదే చేసుకుంది. ఇంటర్ చదివే రోజుల్లో, వార్డెన్ ఊళ్ళో లేని ఆదివారాలు, హాస్టలు వరండాలో ఎవరో ఒక పాట పెట్టేవారు. బట్టలుతకబోయే ఆడపిల్లలందరూ బకెట్లు కిందపెట్టి గెంతేవారు. వకుళ ఎప్పుడూ గెంతలేదు. స్తంభాన్ని ఆనుకుని చూసేది. చెప్పుల్లో కాలివేళ్ళు మాత్రం ఆడేవి. ఆ సంగతి లోకంలో ఎవరికీ తెలియదు. కిరీటానికి ఆమె ఇచ్చుకున్న పాట అదే.

ఆ తర్వాత ఓ సాయంత్రం బాపట్ల రైల్వేస్టేషన్ దగ్గర టీకొట్లో ఆ పాట మోగింది. పాత్రలు తోముతున్న మనిషి కూడా నడుం ఊపుతూ తోముతున్నాడు. వకుళ గ్లాసు పట్టుకుని నిలబడి విన్నది. మాట వెనక మాట వచ్చి, లారీలోంచి దించిన ఇటుకల్లా పక్కపక్కన పడుతున్నాయి. వరండా జ్ఞాపకం వచ్చింది, బకెట్ల రంగులతో సహా. చెప్పులవంక చూసుకుంది. కాలివేళ్ళు ఎవరివో అన్నట్టు కదలకుండా ఉన్నాయి. బాధ కూడా కలగలేదు. బాధ కలగకపోవడమే ఆమెను భయపెట్టింది.

*

సిలార్ మాస్టారిని చీరాల నుంచి తీసుకొచ్చినప్పుడు పరిశోధన కేంద్రంలో అందరికీ ఒకే ఆలోచన వచ్చింది. ఇన్నాళ్ళకు పాటల కోటీశ్వరుడు దొరికాడు!

ఆయన పెళ్ళిబ్యాండు పెద్ద. క్లారినెట్ వాయిద్యం. ఆ చుట్టుపక్కల ఆయన మేళం లేకుండా పల్లకీ కదిలేది కాదంటారు. కొత్త పాట వచ్చిన వారానికి ఆయన వేళ్ళ కిందికి వచ్చేసేది. ఒక వేసవి మధ్యాహ్నం ఇంటి అరుగుమీద క్లారినెట్ మూతికి బిగించే పుల్ల నాలికతో తడుపుకుంటూ తడుపుకుంటూ పక్కకి ఒరిగిపోయాడు. మెదడులో నెత్తురు గడ్డకట్టింది. అప్పటినుంచి కొయ్యబారిన మనిషి. చూపించిన డాక్టర్లందరూ ఒకటే మాటన్నారు: లోపల ఎవరూ లేరు.

"పాటలు కాలిపోతాయంటన్నారంట గదమ్మా," అన్నాడు కొడుకు బాజీ. తండ్రి మేళంలో సైడ్ డ్రమ్ము కొట్టేవాడు, ఇప్పుడు మేళాన్ని తనే నడుపుతున్నాడు. "మా నాయన పాటలు కాల్చటం మీవల్లయ్యేది కాదు. సముద్రంలో నాలుగు చెంబులు తోడితే తరుగుద్దా? రోజుకొకటి కాల్చుకోండి. నా మనవళ్ళ పెళ్ళిళ్ళదాకా వస్తయ్."

"ఎహె, ఊరుకోరా! దిష్టి మాటలు నువ్వూను," అని తల్లి జాన్‌బీ కసిరింది. తర్వాత వకుళ వైపు తిరిగింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం గట్టిది. "డాక్టరమ్మా, ఆయన లేచి నడవాలని నేనడగను. లోపల ఉన్నాడా, లేడా? అదొక్కటి చెప్పు. ఉన్నాడంటే ఎన్నాళ్ళైనా చేసుకుంటా, నాకేం బరువు కాదు. లేడంటే కూచోని ఏడుస్తా. ఇప్పుడు ఏడవటానికీ లేదు, నవ్వటానికీ లేదు. ఇదేం బతుకు తల్లీ!"

"కిరీటం పెడితే ఆయనే చెప్తారు," అంది వకుళ. అంత ధీమాగా ఎప్పుడూ మాట్లాడని మనిషి ఆమె.

కిరీటం పెట్టారు. పాత పెళ్ళిపాటలు వినిపించారు, కొత్తవి వినిపించారు. బరాత్‌లో కుర్రాళ్ళు చొక్కాలు విప్పి ఆడే పాటలు, ముసలమ్మలు కూడా నవ్వుతూ భుజాలు ఎగరేసే పాటలు. ఆయన స్వయంగా వాయించగా ఎవరెవరో ఫోన్లలో పట్టుకున్నవి కూడా వెతికి తెచ్చారు. ఒక్కదానికీ గీత లేవలేదు. వారం గడిచేసరికి బాజీ హాస్యాలు మానేశాడు.

"ఆయనకి అవి పాటలు కావు, పని," అన్నాడు కేంద్రం అధిపతి సదాశివం. కిరీటం ఆలోచన వకుళదే అయినా దాన్ని ఇంతదూరం తెచ్చింది ఆయన పట్టుదల. "లేదా, డాక్టర్లు చెప్పిందే నిజం. అక్కడ ఎవరూ లేరు. ఈ నెలాఖరుకి మంచం వేరేవాళ్ళకి ఇచ్చెయ్యాలి వకుళా, ఎదురుచూసేవాళ్ళున్నారు."

వకుళ చీరాల వెళ్ళింది. జాన్‌బీ ఇంట్లో క్లారినెట్ పాత తువ్వాలులో చుట్టి గోడకి తగిలించి ఉంది. వంటింట్లో పీటమీద కూర్చుని, "ఆయన తనకోసం ఏ పాట పాడుకునేవారు?" అని అడిగింది.

జాన్‌బీ గోంగూర వలుస్తూ నవ్వింది. "పాటా? ఇంట్లోనా? రేడియో పెట్టినా కట్టెయ్యమనేవాడమ్మా. పెళ్ళిలో వంద మందికి వండినోడు ఇంటికొచ్చి పచ్చడి మెతుకులు తినడూ, అట్టాగ. నేనే ఒకసారి అడిగా, ఊళ్ళో అందర్నీ ఎగిరిస్తావు గదా, నువ్వెప్పుడన్నా ఎగిరావా అని."

"ఏమన్నారు?"

"నాకు తీరిక యాడిదే అన్నాడు."

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని వకుళ చాలాసేపు ఆ మాట గురించే ఆలోచించింది. జిల్లాలో సగం మందిని నేలమీంచి లేపిన మనిషికి తనదంటూ ఒక్క పాట లేకుండా పోతుందా? స్తంభాన్ని ఆనుకుని నిలబడిన తనకే ఒకటుండేది గదా. ఆయన ఎక్కడ నిలబడి, ఏది విని తేలికయ్యేవాడు? యంత్రంలో వినిపించే పాట ఆయన పాట కాకపోవచ్చు. చుట్టూ మనుషులు, గాలి, డోలు దెబ్బకి అదిరే నేల, ఇవన్నీ ఉంటే?

మర్నాడు బాజీకి ఫోన్ చేసి మేళాన్ని తీసుకురమ్మంది.

*

ఎర్రకోట్లు వేసుకుని, భుజాలమీద బంగారు కుచ్చులు ఊగుతుండగా, ఎనిమిదిమంది ట్రక్కు ఆటో దిగారు. కేంద్రం ఆవరణలోనే, ఎదురుగా, దీర్ఘరోగుల ఆసుపత్రి. మేళానికి ఆ ఆసుపత్రివాళ్ళని ఒప్పించడానికి సదాశివం ఫోన్లమీద ఫోన్లు చేశాడు. మాస్టారి మంచం కిటికీ పక్కకి జరిపి, రెక్కలు బార్లా తెరిచారు. కిటికీకి పది అడుగుల్లో, వేపచెట్టు కింద మేళం నిలబడింది.

"మాస్టారు లేచి, నా శృతి బాలేదని తిడితే నాకొద్దు డాక్టరమ్మా ఈ బేరం," అన్నాడు ట్రంపెట్ ఏసుపాదం. మేళంలో అందరికంటే పాతవాడు.

"నీ శృతి బావున్న రోజు ఏదన్నా ఉంటే గదా మామా!" అన్నాడు బాజీ.

వకుళ నవ్వలేదు. "ఒక్కటే మాట. నేను చెయ్యెత్తేదాకా ఆపకూడదు. మధ్యలో క్షణం కూడా ఖాళీ రాకూడదు. ఖాళీ వస్తే కొలత మొత్తం పాడవుతుంది. అర్థమైందా?"

అర్థమైందని అందరూ తలలూపారు.

మేళం అందుకుంది. కిటికీ ఊచలు అదిరాయి. ఎదుటి ఆసుపత్రి వరండాలోకి నర్సులు వచ్చి నిలబడ్డారు, చక్రాలకుర్చీలో ముసలాయన ఒకడు గడ్డం ఎత్తి తల ఆడించాడు. పాటమీద పాట. గదిలో వకుళ, సదాశివం, జాన్‌బీ తెరవంక చూస్తున్నారు. గీత నిద్రపోతున్న పాములా ఉంది. జాన్‌బీ చూపు తెరమీంచి మొగుడి ముఖానికి, ముఖంమీంచి తెరకీ తిరుగుతోంది. సదాశివం వాచీ చూసుకున్నాడు.

పాట చరణం మధ్యలో, తెగ్గోసినట్టు, మేళం ఆగిపోయింది.

వకుళకి ఒళ్ళు మండింది. కిటికీ దగ్గరికి పోయి, "బాజీ! ఆపొద్దన్నానా లేదా?" అంది.

బాజీ తల ఎత్తలేదు. డ్రమ్ము పుల్లలు చంకలో పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు. ఏసుపాదమే కిటికీ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"శవం బయటికొచ్చిందమ్మా."

ఎదుటి ఆసుపత్రి మెట్లమీద తెల్లదుప్పటి కప్పిన స్ట్రెచర్ ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు దానిమీద పడి ఏడుస్తున్నారు. పెద్దకొడుకు దారిలో ఉన్నాడట, వచ్చేదాకా బండిలోకి ఎత్తొద్దని ఎవరో అడ్డం నిలబడ్డారు.

"ఐదు నిమిషాల్లో అయిపోయేది గదా, ఏసుపాదం గారూ! కొలత మొత్తం పోయింది."

"పోతే పోయింది. చావు ముందర వాయించమమ్మా. పెళ్ళికొడుకు గుర్రమ్మీద ఉన్నా సరే, దారిలో చావిల్లు తగిల్తే ఆపాల్సిందే. మాస్టారి కట్టుబాటది. గొట్టం నోటి దగ్గరే ఉంటది, ఊదం. అడుగు మాత్రం తప్పకూడదు. పెళ్ళోళ్ళు, మేము, అందరం నోరు మూసుకుని నడుస్తాం. మళ్ళా ఎప్పుడు ఎత్తుకోవాలో మాస్టారే చెప్పాల. తొందరపడితే ఆ ఇంటోళ్ళ గుండె కోసినట్టు. ఆలస్యమైతే ఈ పెళ్ళి చచ్చిపోద్ది. ఆయన చెవొగ్గి, ఎనక ఏడుపు ఎంత దూరమైందో ఇంటా, ముందు పెళ్ళోళ్ళ ఊపిరి ఇంటా నడుస్తాడు. మా కళ్ళన్నీ ఆయన మీదే. ఆ నడకుందే..." ఏసుపాదం చేత్తో గాలిని ఎత్తి పట్టుకున్నట్టు చూపించాడు.

"వకుళా," అన్నాడు వెనకనుంచి సదాశివం. ఆయన గొంతు అంత మెత్తగా ఉండడం ఆమె ఎప్పుడూ వినలేదు. "ఇటు రా."

తెరమీద గీత లేస్తోంది.

పాటలకి లేచే అల చటుక్కున లేచి, విరిగి, మళ్ళీ లేస్తుంది. ఇది అలా లేదు. చాలా కిందనుంచి, తొందర లేకుండా, విరగకుండా ఎక్కుతోంది. చీకట్లో ఒక పెద్ద కొండ తనంతట తాను పైకి లేస్తుంటే దూరంనుంచి చూస్తున్నట్టుంది. తెర పైఅంచు దాటబోతే యంత్రం తనే కొలబద్ద తగ్గించుకుంది. మళ్ళీ తగ్గించుకుంది. మంచంమీది ముఖంలో ఏ మార్పూ లేదు. కనురెప్ప కూడా కదల్లేదు. కిటికీలోంచి ఏడుపు వస్తోంది, వేపచెట్టు కింద ఎనిమిదిమంది ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు. ఆ నిశ్శబ్దాన్ని ఈ మనిషి వింటున్నాడు!

వకుళ పక్క తెరమీద తన పాత కొలత తెరిచింది, హాస్టలు పాటది. ఇన్నాళ్ళూ అల శిఖరమే చూసింది గాని దాని ముందు ఏముందో పట్టించుకోలేదు. ఇప్పుడు కనపడింది. శిఖరానికి ముందు చిన్న ఉబ్బు, పాట ఇంకా లేపకముందు లేపబోతుందని తెలిసిన ఆ రెప్పపాటు. లలితాంబ టీచరుది తెరిచింది. అక్కడా ఉంది. ఎవరిది తెరిచినా ఉంది, ఎవరి పాటైనా ఒకే ఆకారంలో. శిఖరాలు కాలిపోయినా ఆ ఉబ్బు కాలలేదు. అందుకే ఒక పాట పోయినవాళ్ళని మర్నాడు ఇంకో పాట లేపగలుగుతోంది.

మిగతా అందరిలో చిటికెడంత ఉన్నది ఈ మనిషిలో కొండంత ఉంది. జీవితమంతా ఆయన నిలబడింది పాటలో కాదు, పాటకి ముందు.

"ఇంత అల మనం ఎప్పుడూ చూడలేదు," అన్నాడు సదాశివం. "దీన్ని పెంచి ఇస్తే పది నిమిషాలు కాదు, గంటలు ఉంటాడేమో. నొక్కు."

వకుళ వేలు అలను పెంచి పంపే మీట మీదికి పోయింది. నొక్కాలనే ఉంది. తనకోసం కాదని చెప్పుకోలేదు. ఆ కొండ వెనక ఉన్న మనిషి గొంతు వినాలని ఆమెకి దాహంలాంటిది వేసింది. అయినా వేలు ఆగింది.

"జాన్‌బీ గారూ," అంది. "ఆయన ఉన్నారు."

జాన్‌బీ మొగుడి వైపు తిరిగింది.

"ఇది నొక్కితే బయటికి వస్తారు. మీతో మాట్లాడతారు. చాలాసేపు మాట్లాడొచ్చు. కానీ దేంతో వస్తే అది కాలిపోతుందని చెప్పాను గదా. ఇది ఒక పాట కాదు. అన్ని పాటలూ దీంట్లోంచే మొదలవుతాయి. ఇది పోతే ఇంక ఆయన్ని ఏదీ లేపదు. ఎదురుచూడడమే ఉండదు. ఇప్పుడు లోపల ఉన్నట్టు కూడా ఉండరు."

"అవన్నీ ఊహలు," అన్నాడు సదాశివం. కఠినంగా అనలేదు, బతిమాలుతున్నట్టే అన్నాడు. "అమ్మా, ఎవరికీ కనపడకుండా లోపల ఉండి ఏం లాభం చెప్పండి? ఒక్కసారైనా మీతో మాట్లాడితే అది చాలదా? ఈ అవకాశం మళ్ళీ రాకపోవచ్చు."

జాన్‌బీ మంచం దగ్గరికి వచ్చింది. మొగుడి ముఖంలోకి వంగి చూసింది. తర్వాత తెరవంక తిరిగింది. "ఇదంతా ఆయనేనా?" అని అడిగింది.

"ఆయనే."

"ఇప్పుడేం చేస్తన్నాడు?"

వకుళ చదువులో దీనికి సరైన మాట లేదు. "బయట మేళం ఆగింది గదా. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో చూస్తున్నారు," అంది.

జాన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు అదురుతున్నది ఏడుపుతోనో నవ్వుతోనో వకుళకు తెలియలేదు. చివరికి ఆ కొంగుతోనే మొగుడి నుదుటిమీద, కిరీటం అంచు కింద, చెమట లేకపోయినా తుడిచింది.

"లేపకమ్మా," అంది. "పనిలో ఉన్నాడు."

సదాశివం ఆమె ముఖం చూసి వెనక్కి జరిగాడు. వకుళ మీట మీంచి చెయ్యి తీసింది.

బయట కారు ఒకటి వచ్చి ఆగింది. పెద్దకొడుకు దిగాడు. ఏడుపు ఒక్కసారి పెద్దదైంది. స్ట్రెచర్ ఎత్తారు, తలుపులు మూసుకున్నాయి, బండి మెల్లగా గేటు దాటింది. వెనకే కారు కూడా వెళ్ళింది. ఏడుపు రోడ్డుమీద పలచబడుతూ పోయింది.

బాజీ కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి తొంగిచూశాడు. "అదేందమ్మా, కొండ మాదిరి?"

"మీ నాన్న," అంది వకుళ.

బాజీ తెరవంక కళ్ళార్పకుండా చూశాడు. అర్థమైందో లేదో ఆమె చెప్పలేకపోయింది. కానీ అతని చెయ్యి చంకలోని పుల్లల మీదికి పోయింది, భుజాలు సర్దుకున్నాయి. తండ్రి ముందు నడుస్తున్నప్పుడు నిలబడినట్టు నిలబడ్డాడు.

"బండెళ్ళిపోయిందిరా," అన్నాడు ఏసుపాదం. "కొడదామా?"

"ఉండు మామా. మాస్టారు చెప్పలేదు."

అల కొసన సన్నగా వణుకుతోంది. రోడ్డుమీది ఏడుపు ఉందా లేదా అన్నట్టయింది, తర్వాత లేదు. చక్రాలకుర్చీ ముసలాయన, నర్సులు, వేపచెట్టు కింద నోటి దగ్గర గొట్టాలు పట్టుకున్న మనుషులు, ఎవరూ కదల్లేదు. ఇంత పెద్ద నిశ్శబ్దాన్ని ఒక మనిషి లోపల్నుంచి మోస్తున్నాడని వారిలో చాలామందికి తెలియదు. తన ఊపిరి కూడా ఆగి ఉందని వకుళ గమనించింది. చెయ్యగలిగిందేమీ లేదు, నిలబడి ఉండడం తప్ప. అన్నేళ్ళలో మొదటిసారి అది ఆమెకి తక్కువగా అనిపించలేదు.

అల శిఖరం ముందుకు వంగింది.

బాజీ పుల్లలు డ్రమ్ముమీద పడ్డాయి. ఎనిమిదిమందీ ఒక్కసారే అందుకున్నారు. కిటికీ ఊచలు, గాజుగ్లాసు, వకుళ పక్కటెముకలు, అన్నీ అదిరాయి. అదేం పాటో ఆమెకి తెలియదు.

"చూశావా?" అంది జాన్‌బీ కళ్ళు తుడుచుకుంటూ, మొగుడిమీద ఫిర్యాదు చేస్తున్నట్టు. "ఎప్పుడూ అంతే. అందరూ ఇంక ఎత్తుకోవచ్చనుకున్నాక కూడా నాలుగడుగులు ఎక్కువే నడిపిస్తాడు."